ఊక

గుణుపురం రైసుమిల్లులో తూకం లెక్కలు
ఇరవై ఏడేళ్లుగా ఒక్క ఫైలే చూస్తోంది.
నల్లటి తెర, పచ్చటి అక్షరాలు,
ఎఫ్-ఫైవ్ నొక్కితే రసీదు.
మొన్న బరంపురం నుంచి కొత్త కాటా వచ్చింది.
పాత ప్రోగ్రాముకి దాని భాష తెలీదు.
"మార్చీమ్మా, ఒక్క లైనే గదా" అన్నారు బెహరా బాబు,
మిల్లు తాళాలు మొలతాడుకి కట్టుకు తిరిగే మనిషి.

మార్చాలంటే మూలం ఉండాలి.
ఉన్నవి ఆడించిన బియ్యం.
వండొచ్చు, అమ్మొచ్చు, తలంబ్రాలు పోయొచ్చు,
మడిలో చల్లితే మాత్రం మొలవవు.

ముందు వడ్ల కోసమే వెతికేను.
బీరువా అడుగున, కిరసనాయిలు కూపన్ల కింద
పదకొండు ఫ్లాపీలు, అట్టల మీద ఒడియా అంకెలు.
తొమ్మిదింటికి బూజు.
తెరుచుకున్న రెండింట్లో
ఒకదాన్లో హమాలీల జీతాల పట్టీ,
ఇంకోదాన్లో పాము ఆట.

పోనీ చేత్తోనే చదువుదామని
జంట అంకెలు పేజీలకి పేజీలు అచ్చుకొట్టి
పెన్సిలు పట్టుకు కూచున్నాను.
చాటలో రాళ్లేరుతున్నట్టు:
ఇది సున్నా, ఇది గెంతు,
ఇవెవరి పేరులోని అక్షరాలో.
నాలుగో పేజీకి కళ్లు మసక, రాత్రి పదిన్నర.

"కొత్తది రాసీవే" అన్నాడు పర్లాకిమిడిలో చదివొచ్చిన తమ్ముడు.
రాయొచ్చు,
పాతది ఏం చేస్తోందో తెలిస్తే.

ఆఖరికి డీకంపైలర్ కొన్నాను,
వెనక్కి ఆడించే మర.
బెల్టు తిరగేసి తగిలిస్తే బియ్యం వడ్లయినట్టు
పది నిమిషాల్లో పదహారు వందల లైన్లు!
పేర్లు చెక్కుచెదరలేదు.
బస్తా, తరుగు, ఓజనో, బాకీ,
ఒక్క వాక్యంలోనే తెలుగూ ఒడియా,
మేం మాటాడుకున్నట్టే.
రాసినాయన మా వీధివాడే అయ్యుంటాడు.

ఊక మాత్రం రాలేదు.
ముందు ఓ నక్షత్రం గుర్తు పెట్టి
మనిషి ఇంకో మనిషి కోసం రాసిపెట్టే మాటలు
యంత్రానికి ఊకదంపుడు.
ఆడించిన రోజే ఊదేసింది.

అందుకే మూడు వందల పన్నెండో లైను దగ్గర ఆగిపోయాను.
ప్రతి బస్తాకీ కిలోన్నర తరుగు కొట్టు, అంటుంది పై లైను.
అది యజమాని మాట. ఎవర్నీ అడగక్కర్లేదు.
దాని కింద
ఊరి నంబరు నలభై ఒకటైతే తరుగు సున్నా.
యజమాని చూసే పట్టీలో మాత్రం
కిలోన్నర అనే చూపించు.

నలభై ఒకటంటే పుట్టాసింగి వైపు కొండమళ్లు.
అక్కడి సవరలు చీకటుండగానే కావిళ్లెత్తి దిగుతారు.
వాళ్లకే ఎందుకు?
లైను చెప్పదు.

కొంచాడ దండాసి గారు ఇప్పుడు స్టేషను రోడ్డులో
గొడుగులు బాగుచేస్తున్నారు.
కాగితం ఇచ్చేను.
కళ్లజోడు నుదుటికెత్తి, ఎవరిదో ఉత్తరం చదివినట్టు చదివేరు.
"నాదే. ఈ గెంతు నాదే."
ఎందుకు రాసేరండీ?
వంగిన ఊచ ఒకటి సాపు చేస్తూ చాలాసేపు చూసేరు.
"పక్కనే కారణం రాసుంటాను. లేదా?"
లేదన్నాను.
"అయితే నా దగ్గరా లేదమ్మా."
ఊచ మళ్లీ వంచేరు.

కొత్త కాటా కలిపేను.
మూడు వందల పన్నెండు ముట్టుకోలేదు.
మూలం కూడా ఇచ్చీ అంటారేమోనని
బెహరా బాబు అడక్కముందే
ఆడించిన బియ్యమే చేతిలో పెట్టేను.
వడ్లు నా దగ్గరే, డబ్బా అడుగున.

ఆ పదకొండు ఫ్లాపీల్లో ఒక్కదాన్లోనూ
మూలం ఎందుకు లేదో
అప్పుడనుమానం వచ్చింది నాకు.

బెహరా బాబు ఎఫ్-ఫైవ్ నొక్కేరు.
రసీదు వచ్చింది.